వాడ తిరిగిన పొద్దు

బెజవాడ కొండ వెనక నేతగాళ్ళ వీధిలో ఈనాటికీ పుష్యమాసం వచ్చిందంటే చాలు, పెద్దవాళ్ళు పొద్దున్నే గుమ్మంలోకి వచ్చి, మొహం ఉత్తరం వైపు తిప్పి, "వాడ తిరిగినట్టుందే" అంటారు. పక్క వీధిలో అడిగి చూడండి, ఈ మాట ఎవరికీ తెలియదు. సముద్రం ఒడ్డున బందరు అవతల పల్లెల్లో పుట్టిన మాట నలభై మైళ్ళు ఇవతలకి నడిచొచ్చి, సరిగ్గా ఈ ఒక్క వీధిలోనే ఎందుకు కాపరం పెట్టిందయ్యా అంటే, దాన్ని తెచ్చింది చౌడేశ్వరి. కాపరానికొస్తూ ఇత్తడి బిందెతో పాటు తెచ్చుకుంది, పిచ్చిది. బిందెని అందరూ మెచ్చుకున్నారు. మాటని చూసి నవ్వారు.

చౌడేశ్వరి పుట్టిన చోటు సముద్రానికి కోసెడు దూరం. పది గడపల నేతవాళ్ళు, వాళ్ళని ఆనుకుని చేపలు పట్టేవాళ్ళ గుడిసెలు. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి మగ్గంలో కూర్చుంటే ఇక లోకం పట్టదు. ఆ పిల్లని పెంచింది సగం వీధి, సగం పున్నమ్మ. పున్నమ్మ ఎండుచేపలు అమ్మేది. నేతింటి పిల్లవి, ఆ వాసన నీకెందుకే అని ఎందరు తిట్టినా చౌడేశ్వరి ఆమె వెంట ఇసకలో తిరుగుతూనే ఉండేది. చేపలు ఎప్పుడు పరవాలి, ఎప్పుడు ఎత్తేయాలి అన్నది పున్నమ్మ గాలిని బట్టి చెప్పేది. ఆ గాలుల్లో చౌడేశ్వరికి బాగా మనసుకి పట్టింది వాడ.

వాడ అంటే ఉత్తరపు గాలి. అంతేనా అంటే, అంతే అయితే ఇంత కథ ఎందుకు? కార్తీకం వెళ్ళి, వానలు పూర్తిగా వెనకబట్టాక, ఒక తెల్లవారుజామున గాలి ఉత్తరానికి తిరుగుతుంది. చలిగా వస్తుంది, దాంతో పాటు పొడిగా వస్తుంది. ఆ పొడితనమే అసలు సంగతి. ఉత్తి చలిగాలి అంటే అది తెలియదు. వాడ అంటే తెలుస్తుంది. "వాడ పుట్టింది" అంటే పున్నమ్మ చేపలు పరిచేది, ఒక్క రోజులో గలగలా ఎండిపోయేవి. "వాడ ముదిరింది" అంటే మగవాళ్ళు పడవలు ఒడ్డుకి ఈడ్చేవాళ్ళు. "వాడ చచ్చింది" అంటే మళ్ళీ మంచు మొదలైనట్టే.

"ఎట్టా తెలుస్తది పున్నమ్మా?" అని అడిగేది చౌడేశ్వరి.

"పొద్దున్నే లేచి ఆకు తడిమి చూడు. తడి ఉంటే అది మామూలు చలి. తడి లేకపోతే వాడ. అదీ తెలీకపోతే నీ పెదాలు నువ్వే నాక్కో. చీరుకుపోయుంటే ఇంకెవర్నీ అడగబాకు" అనేది పున్నమ్మ.

పదిహేడో ఏట చౌడేశ్వరికి బెజవాడ సంబంధం కుదిరింది. పెనిమిటి వెంకటప్పయ్య నెమ్మదస్థుడు, నాలుగు మాటలకి ఒక మాట ఆడే రకం. అత్తగారు రావమ్మ ఆ మిగిలిన మూడూ ఆడేది. కొత్తకోడలు వచ్చిన మొదటి చలికాలం ఒకనాడు వాకిలి ఊడుస్తూ, "అత్తయ్యా, వాడగాలి తిరిగిందండీ" అంది.

రావమ్మ పొయ్యి దగ్గర్నుంచే, "పుష్యమాసంలో వడగాలేంటే తల్లీ, నీకేమన్నా జొరమొచ్చిందా?" అంది.

అది కాదు, ఇది వేరు అని చౌడేశ్వరి విడమరిచి చెప్పబోతే, "ఆఁ, మీ సముద్రపోళ్ళు గాలిక్కూడా పేరు పెట్టి బారసాల చేస్తారు కాబోలు!" అని వీధంతా వినేట్టు నవ్వింది. రావమ్మ చెడ్డది కాదు. కాకపోతే ఒక నవ్వు దొరికిందంటే దాన్ని నలుగురికీ పంచందే ఆవిడకి అన్నం సయించదు. సాయంత్రానికల్లా బావి దగ్గర ఆడవాళ్ళందరూ "ఏమ్మా, ఇవాళేం గాలి?" అని చౌడేశ్వరిని పట్టుకున్నారు. ఆ పిల్లకి తల కొట్టేసినట్టయింది. ఇక ఆ మాట నోట రానివ్వలేదు.

అలా రానివ్వకపోవడమే ఆమె చేసిన తప్పు. ఎందుకో చెప్పాలంటే ముందు మామగారి సంగతి చెప్పాలి.

మామగారు పాండురంగయ్య ఆ వీధికి పెద్ద. నేత నేసే వీధుల్లో పడుగుకి గంజి పెట్టడం ఒక్క ఇంటి పని కాదు. తెల్లారగానే వీధి పొడుగునా కర్రల మీద పడుగు చాపుతారు, అంటే చీరకి నిలువుగా ఉండే పోగులన్నీ పక్కపక్కన పరిచి లాగి కడతారు. వాటికి గంజి పట్టించి, ఇద్దరు మనుషులు బారెడు కుంచెతో అటూ ఇటూ దువ్వుతారు. పోగుకి పోగు విడివిడిగా ఆరితేనే మగ్గం మీద నిలుస్తుంది. దీనికి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళంతా చేతులు వేస్తారు. పాండురంగయ్య ముందు నేల చూసి, ఆకాశం చూసి, "చాపండి" అనాలి. ఆయన నోట ఆ మాట రానిదే వీధిలో ఏ ఇంటి పడుగూ బయటికి రాదు. అది వాళ్ళ తాతల నాటి నుంచి ఉన్న మర్యాద.

పాండురంగయ్య చేతిలో పనితనం ఉంది, ముక్కు మీద కోపమూ ఉంది. ఒక్క విషయంలో మాత్రం ఆయనే కాదు, ఆ వీధి మొత్తం పొరబడుతూనే వచ్చింది. కృష్ణ పక్కన పుట్టి పెరిగినవాళ్ళకి చలి అంటే మంచు. తెల్లారేసరికి నది మీంచి లేచి వీధిలోకి వస్తుంది, గోడలు చెమరుస్తాయి, గంజి ఆరక చస్తుంది. అందుకని చలి పెరిగిందంటే గంజి చిక్కగా కాయాలన్నది వాళ్ళ లెక్క. నూటికి తొంభై పొద్దులు అది సరైన లెక్కే. మిగిలిన పది పొద్దులే వాడ. ఆ పది పొద్దుల్లో చిక్కటి గంజి పెడితే, కుంచె వచ్చేలోగానే పోగులు ఒకదానికొకటి అంటుకుని బిగుసుకుపోతాయి. విడదీస్తే పుటుక్కుమంటాయి. ఒకేడు చలికాలంలో సరిగ్గా అట్లాగే ఒక పడుగు మొత్తం పాడైంది. అందరూ మిల్లువాణ్ణి తిట్టారు, నూలు పుచ్చిందన్నారు. కారణం తెలిసిన ఒక్క మనిషి తలుపు చాటున నిలబడి నోరు మెదపలేదు. ఎందుకు మెదపాలి, మళ్ళీ నవ్వడానికా అనుకుంది చౌడేశ్వరి. కానీ మామగారు తెగిన పోగుల్ని ఒళ్ళో వేసుకుని కూర్చున్న తీరు చూశాక ఆమెకి నాలుగు రోజులు ముద్ద దిగలేదు.

ఇది పంతొమ్మిది వందల నలభై రెండు నాటి మాట. నలభై మూడు వచ్చేసరికి యుద్ధం ఇంట్లోకే వచ్చి కూర్చుంది. నూలుకి కంట్రోలు పెట్టారు. ఉన్న నూలు ఎవరికి చేరుతోందో ఆ దేవుడికే తెలియాలి. శ్రావణంలో ఆగిన మగ్గం కార్తీకానికీ కదల్లేదు. పోగుని అటూ ఇటూ తీసుకెళ్ళే నాడె మీద సాలెపురుగు గూడు కట్టింది. వెంకటప్పయ్య స్టేషను దగ్గర బస్తాలు మోశాడు. బియ్యం బదులు నూకలు వచ్చాయి, నూకలు కూడా చూసి చూసి వండుకునే రోజులు.

గన్నవరం దగ్గర మిలిటరీ విమానాలు దిగడానికి నేల చదును చేస్తున్నారనీ, రాళ్ళు మోసేవాళ్ళు కావాలనీ కబురొచ్చింది. శౌరయ్య అనే మేస్త్రీ సోమవారం సోమవారం లారీ తెచ్చి మనుషుల్ని ఎక్కించుకుపోతున్నాడు. వెంకటప్పయ్య పేరు రాయించి వచ్చాడు. వచ్చి, ఆ రోజు మామూలు కన్నా ఎక్కువే మాట్లాడాడు.

"నేను పోతే ఇక మగ్గం దేనికే? విప్పేసి, దాని గుంట పూడ్చేసి, ఆ గది అద్దెకిద్దాం అన్నాడు నాన్న."

"రాళ్ళు మోసిన చేతులకి మళ్ళీ సన్నపోగు తెలుస్తదా?" అంది చౌడేశ్వరి.

వెంకటప్పయ్య తన రెండు చేతులూ చూసుకున్నాడు. "తెలీదు" అన్నాడు. ఆ ఒక్క ముక్కకే చౌడేశ్వరికి ఏడుపొచ్చింది. ఆ చేతుల్ని చూసే ఆమె ఈ ఇంట్లో నిలబడింది మరి. గుంటమగ్గంలో కాళ్ళు వేలాడేసి ఆయన నేస్తూ ఉంటే, పక్కన కూర్చుని నూలు కండెలు చుడుతూ చూడటం ఆమెకి పండగ.

అటువంటప్పుడు, లారీ ఎక్కాల్సిన సోమవారానికి ఇంకా వారం ఉందనగా, నేత సంఘం కార్యదర్శి కోటిలింగం వాళ్ళింటికి వచ్చి అరుగు మీద ఒక మూట పెట్టాడు. సన్న నూలు. ఒక్క పడుగుకి సరిపోతుంది.

"పాండురంగయ్య గారూ, సన్న చీర నేసేవాళ్ళని నలుగురిని ఎంచమన్నారండీ. మీ పేరు నేను చెప్పాను. ఈ పడుగు మగ్గమెక్కి నాలుగు మూరలు సాఫుగా దిగిందంటే నెలనెలా నూలు మీ గడపకే వస్తది. పాడైందా, నేనేం చెయ్యలేనండీ, ఎనకాల ఇరవై ఇళ్ళోళ్ళు కాసుకునున్నారు" అన్నాడు.

పాండురంగయ్య ఆ మూటని రెండు చేతులా ఎత్తుకుని దేవుడి గూట్లో పెట్టాడు. రావమ్మ అరిచి గీపెట్టకుండా ఒక్కసారి కళ్ళు తుడుచుకుంది.

గురువారం పొద్దున గంజి పెట్టాలని నిశ్చయమైంది.

ఆ గురువారం చౌడేశ్వరికి ఇంకా చీకటుండగానే మెలకువ వచ్చింది. గొంతు ఆరిపోయి ఉంది. పెదవి నాలికతో తడుపుకుంటే ఉప్పగా రక్తం తగిలింది. ఒక్క ఉదుటున లేచి పెరట్లోకి వెళ్ళింది. గుమ్మడిపాదు ఆకు తడిమింది. గరగరా పొడిగా ఉంది. ఇంకో ఆకు. అదీ అంతే. రాత్రి ఆరేసిన చీర అప్పడంలా బిగుసుకుని ఉంది. కొండ పక్క నుంచి గాలి ఈడ్చి కొడుతోంది, కోత పెట్టే చలి.

"వాడ" అంది చౌడేశ్వరి, ఎవరూ లేకపోయినా.

లోపలికి పరిగెత్తి మొగుణ్ణి లేపి చెప్పింది. వెంకటప్పయ్య దుప్పట్లోంచే, "ఊరుకోవే. ఇవాళ నాన్నకి ఎదురు చెప్పే రోజా?" అన్నాడు. ఆయన భయం ఆయనది. మంచి మాట కూడా ఆ పొద్దున అపశకునంలా తోచింది కాబోలు.

అప్పటికే పాండురంగయ్య లేచి భుజం మీద కంబళి వేసుకుని, "అబ్బ, ఎముకలు కొరుకుతోందే చలి! గంజి బాగా చిక్కగా కాయించు" అని పెళ్ళానికి చెబుతున్నాడు. ఇంట్లో తినడానికి దాచుకున్న నూకలన్నీ ఆ గంజిలోనే పడ్డాయి.

కోడలు మామగారితో ఎదురుగా మాట్లాడే ఆచారం లేదు ఆ ఇంట్లో. చౌడేశ్వరి తలుపు చాటున నిలబడి, "అత్తయ్యా" అని పిలిచింది. పోయిన ఏడు నోరు మెదపనందుకు ఏమైందో ఆమె మరిచిపోలేదు. ఈసారి వదల్లేదు. "ఇది మంచు చలి కాదని మామయ్యగారితో చెప్పండి. వాడ ముదిరింది. గంజి పల్చగా ఉండాల, గాలి తగలని చోట చాపాల."

రావమ్మ మొగుడి వైపు తిరిగింది. ఆయన అంతా విన్నాడు. అయినా వినిపించనట్టే నిలబడి, "ఏమంటోంది నీ కోడలు?" అన్నాడు.

"గంజి పల్చగా కాయమంటోంది."

"ఓహో! నలభై ఏళ్ళ నుంచి నేను పెట్టింది గంజి కాదు కాబోలు! నీ కోడలికి చెప్పు, పెరట్లో పనుంటే చూసుకోమని!"

రావమ్మ తలుపు వైపు తిరిగి, నవ్వకుండా, "ఊరుకోవే తల్లీ, ఇవాళొద్దు" అంది. ఆవిడ అంత మెత్తగా మాట్లాడటం చౌడేశ్వరి ఎప్పుడూ వినలేదు.

పాండురంగయ్య "చాపండి" అనగానే పడుగు వీధిలోకి వచ్చింది. చలికి వణుకుతూనే పక్క ఇళ్ళవాళ్ళు వచ్చి కర్రలు నిలబెట్టారు. తూర్పు నుంచి పడమరకి తెల్లగా, సన్నగా, ఒక్క ముడి లేకుండా సాగింది పడుగు. గాలి అడ్డంగా వచ్చి కొడుతుంటే సన్నగా ఊగుతోంది. పాండురంగయ్య మళ్ళీ ఒకసారి ఆకాశం చూశాడు, నేల చూశాడు. ఆకు మాత్రం చూడలేదు. పడుగు మొదట్లో బారెడు మేరకి గంజి తనే చేత్తో పట్టించాడు. వెంకటప్పయ్య, ఇంకొకాయనా కుంచె ఎత్తారు.

కుంచె రెండో దువ్వుకే ఒక పోగు పుటుక్కుమంది.

అందరూ ఆగారు. పాండురంగయ్య వంగి తెగిన పోగు చూసి, ముడివేసి, "కానివ్వండి" అన్నాడు. మళ్ళీ దువ్వారు. పుట్, పుట్, పుట్. ఈసారి చప్పుడు గుమ్మంలో ఉన్న చౌడేశ్వరి వరకూ వినిపించింది. ఒక్కో చప్పుడుకీ ఆమె చెయ్యి ద్వారబంధాన్ని గట్టిగా పట్టుకుంటోంది. వెంకటప్పయ్య కుంచె వదిలేసి తలవంచుకుని నిలబడ్డాడు. ఆయనకి అప్పుడే గన్నవరం లారీ కనిపిస్తోంది పాపం.

పాండురంగయ్య పడుగు మీద అరచెయ్యి ఆనించాడు. నలభై ఏళ్ళ చెయ్యి అది. తడి గంజి పెట్టి నిమిషం కాలేదు, పైన పెంకులా ఆరిపోయింది, అడుగున జిగురుగా ఉంది. పది పదిహేను పోగులు ఒక్క కట్టగా అతుక్కున్నాయి. పోయిన ఏడు కూడా ఈ చేతికి ఇదే తగిలింది. మిల్లువాణ్ణి తిట్టిన తిట్లు ఆయనకి గుర్తొచ్చాయేమో. చెయ్యి తీసి, వేళ్ళు ఒకదానికొకటి రాసుకుని చూశాడు.

తరవాత ఆయన ఇంటి వైపు తిరిగాడు. రావమ్మ వైపు కాదు, తలుపు వైపు.

"ఏం గాలన్నావమ్మా?" అని అడిగాడు.

కాపరానికి వచ్చిన మూడేళ్ళలో మామగారు ఆమెని సూటిగా అడిగిన మొదటి మాట అది. చౌడేశ్వరి గడప దాటి వీధిలోకి వచ్చింది. కొంగు భుజం చుట్టూ లాక్కుని, నేల చూస్తూ చెప్పింది.

"వాడ, మామయ్యా. చలిగానే ఉంటది గానీ ఇందులో తడుండదు. పైగా ఉన్న తడి కూడా పీల్చేస్తది."

"మీ నాన్న ఏం చేసేవోడు?"

"గంజిలో సగానికి సగం నీళ్ళు కలిపేవోడు. నాలుగు చుక్కలు నూనేసేవోడు. గాలి తగలకుండా గోడ చాటున, ఎండపొడ వచ్చేచోట చాపేవోడు. కింద నేలంతా తడిపేవోడు."

"గోడ చాటున అంటే..." పాండురంగయ్య వీధి ఆ చివర నుంచి ఈ చివర వరకూ చూశాడు. అన్నీ గుడిసెలూ, సందులూ. పడుగు పొడుగున్న గోడ ఎవరికుంది?

"బీబీజాన్ గారి గోడౌను" అంది చౌడేశ్వరి. ఈ మాట ఆమె ఎప్పుడో ఆలోచించి పెట్టుకుంది, పోయిన ఏడే.

వీధి మలుపులో గోనెసంచుల గోడౌను ఉంది. వ్యాపారం ఖాలిక్ సాహెబుది. పెత్తనం మాత్రం ఆయన తల్లి బీబీజాన్‌ది. గోడౌనుకి ఉత్తరం వైపు ఏనుగు ఎత్తు గోడ, గాలి తగలని దాని దక్షిణపు పక్క పొడుగాటి ఖాళీ దొడ్డి. పాండురంగయ్య ఇంతవరకూ ఒకరి దొడ్లో పడుగు చాపిన మనిషి కాదు. ఆ మాట అడగడానికి ఆయనకి నోరు రాదని చౌడేశ్వరికి తెలుసు. తనే పరుగు తీసింది. వెనక రావమ్మ ఆయాసపడుతూ వచ్చింది. కోడలు ఒక్కత్తీ అడిగితే బావుండదని వచ్చిందో, ఇంత ముచ్చట తను లేకుండా జరిగిపోతుందని వచ్చిందో.

బీబీజాన్ నమాజు ముగించుకుని దొడ్లో కోళ్ళకి నూకలు చల్లుతోంది. చౌడేశ్వరి చెప్పింది సగం విని, "అరె బేటీ, అడగాలా దానికి? గేటు తీసే ఉంది, తెచ్చుకోండి. ఏమిటీ, కింద తడపాలా? బిందెలతో ఎంతని పోస్తారమ్మా, ఇదుగో, గోనెలున్నాయి కదా, తడిపి పరవండి. ఖాలిక్! ఒరే ఖాలిక్! పాత సంచులు పడెయ్ ఇటు!" అని కేకేసింది. లోపలికి వెళ్ళి గిన్నెడు కొబ్బరినూనె తెచ్చి రావమ్మ చేతిలో పెట్టింది. రావమ్మ ఆ గిన్నె రెండు చేతులా పుచ్చుకుని గంజి దగ్గరికి పరిగెత్తింది.

గంజి పట్టిన బారెడు మేరా కత్తిరించేశారు. మిగిలిన పొడి పడుగు చుట్టి, పదిమంది పసిపిల్లని మోసినట్టు మోసుకొచ్చారు. గోడ చాటుకి రాగానే చెవుల్లో హోరు ఆగిపోయింది. ఆగ్నేయం నుంచి ఎండ ఏటవాలుగా దొడ్లో పడుతోంది. కర్రలు నాటారు. తడి గోనెలు నేల మీద పరిచారు. పల్చటి గంజిలో నూనె పడి మెరిసింది. కుంచెలు పట్టుకున్నవాళ్ళు సిద్ధంగా నిలబడి, అలవాటు కొద్దీ పాండురంగయ్య వైపు చూశారు. ఆయన మాట చెప్పాలి కదా.

పాండురంగయ్య ఆకాశం చూడలేదు, నేల చూడలేదు. "గాలి సంగతి నాకేం తెలుసు? తెలిసిన మనిషి చెప్పాల" అని కోడలి వైపు తిరిగాడు. "చెప్పమ్మా."

ఇరవై జతల కళ్ళు చౌడేశ్వరి మీదే ఉన్నాయి, ఒక్కటీ నవ్వడం లేదు. వంగి తడి గోనె మీద చెయ్యి పెట్టింది. చల్లటి తేమ తగిలింది. గోడ పై అంచున గాలికి గడ్డిపోచలు ఊగుతున్నాయి, కింద దొడ్లో మాత్రం ఆకు కదలడం లేదు. తప్పైతే ఇల్లు మునుగుతుందని తెలుసు. భయమేసింది, చాలా భయమేసింది.

"చాపండి" అంది.

పడుగు సాగింది, గంజి పట్టింది, కుంచె దాని మీద నడిచింది. ఒక దువ్వు, రెండు, పది. ఎక్కడా చప్పుడు లేదు. ఆ చివరికి వెళ్ళి ఈ చివరికి వచ్చాక వెంకటప్పయ్య తలెత్తి పెళ్ళాం వైపు చూశాడు. పదిమందిలో అట్లా చూడటం ఆ రోజుల్లో సిగ్గుమాలినతనమే, అయినా చూశాడు. పొద్దు నడినెత్తి మీదికి వచ్చేసరికి పోగుకి పోగు విడిగా ఆరి, పడుగు వీణతీగల్లా నిలబడింది. మొత్తం మీద తెగినవి మూడే. పాండురంగయ్య ఆ మూడూ తన చేత్తో ముడివేసి, ముడులు కనపడకుండా నలిపి, "బీబీజాన్ గారూ, ఈ దొడ్డి మాకు ఏటా కావాలండీ" అన్నాడు.

"దొడ్డి ఎక్కడికి పోతుంది అన్నా? ఇక్కడే ఉంటుంది" అంది బీబీజాన్.

శుక్రవారం, శనివారం పోగుకి పోగు అతికి పడుగు మగ్గానికి ఎక్కించారు. ఉత్తరం కిటికీకి చౌడేశ్వరి గోనెపట్టా కట్టింది. గుంటలో నీళ్ళు చిలకరించింది. ఆదివారం వెంకటప్పయ్య కాళ్ళు కడుక్కుని, దణ్ణం పెట్టుకుని గుంటలోకి దిగాడు. నాడె తిరిగింది. నాలుగు నెలల తరవాత ఆ ఇంట్లో మగ్గం చప్పుడు వినపడింది. సాయంత్రం కోటిలింగం వచ్చి, నాలుగు మూరల బట్ట చేత్తో తడిమి, దీపం దగ్గరికి పట్టి చూసి, "రేపు వచ్చే నూలు బండిలో మీది కూడా ఉంటది" అని చెప్పి వెళ్ళాడు. చౌడేశ్వరి వంటింట్లోకి వెళ్ళి ఒక్కతే కూర్చుని కాసేపు ఏడ్చింది. సంతోషానికి ఏడిచే మనుషుల్ని చూసి ఆమె ఎప్పుడూ నవ్వేది, ఆ రోజు తనకీ ఏడుపే వచ్చింది.

సోమవారం పొద్దున్నే లారీ వచ్చి వీధి మొగలో ఆగింది. చలి ఇంకా తగ్గలేదు. శౌరయ్య మేస్త్రీ తలకి తువ్వాలు చుట్టుకుని, కాయితం పట్టుకుని దిగి, ఒక్కొక్క పేరూ పిలుస్తున్నాడు. ఒక్కొక్కరూ మూటలతో వెళ్ళి ఎక్కుతున్నారు.

"వెంకటప్పయ్యా! పాండురంగయ్య గారి వెంకటప్పయ్యా!"

అరుగు మీద కంబళి కప్పుకుని కూర్చున్న పాండురంగయ్య లేవలేదు. లోపల నాడె అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడు వీధిలోకి వినిపిస్తూనే ఉంది.

"ఏవండీ పెద్దాయనా, మీ వాడేడండీ? లారీ ఆగదు, చలికి చచ్చిపోతున్నాం!"

"మా వాడు రాడయ్యా. మగ్గంలో కూర్చున్నాడు" అన్నాడు పాండురంగయ్య. తరవాత మొహం ఉత్తరం వైపు తిప్పి, ఎండిన పెదవి నాలికతో తడుపుకుని, పుట్టుకతో తెలిసినవాడిలా, "అయినా ఇది ఉత్త చలి కాదయ్యోయ్. వాడ" అన్నాడు.

"వాడేంటండీ? నేనెప్పుడూ వినలే."

పాండురంగయ్య అరుగు మీద కాస్త జరిగి చోటిచ్చాడు.

"ఇట్టా వచ్చి కూర్చో. మా కోడలు చెబుద్ది."